ఎవరి మేలుకు ఎవరి చేతులు కట్టాలి?

ఏటా ఏప్రిల్ 15 వచ్చేసరికి శ్రీకాకుళం జిల్లా తీరంలో, బారువ నుంచి కళింగపట్నం దాటి బుడగట్లపాలెం వరకు, ఇంజన్ పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. జూన్ 14 దాకా, అంటే 61 రోజుల పాటు, తూర్పు తీరమంతటా ఇంజన్ పడవల మీదా మరబోట్ల మీదా వేట నిషిద్ధం. ఇంజన్ లేని సంప్రదాయ తెప్పలకు మాత్రం మినహాయింపు ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వల ఆగితే తర్వాతి నెలల్లో సముద్రం అందరికీ ఇస్తుందన్నది దీని వెనకున్న లెక్క. పడవ అతనిది, వల అతనిది, ఒళ్లు అతనిది, సముద్రం ఏ ఒక్కరి సొత్తూ కాదు. అటువంటి మనిషిని రెండు నెలలు ఒడ్డున కూర్చోబెట్టే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిదని అడిగితే, చట్టంలో రాసి ఉందన్న జవాబు చాలదు, ఎందుకంటే రాసి ఉన్నదంతా న్యాయమే అయితే మన దేశంలో ఇన్ని చట్టాలు రద్దయ్యేవి కావు. ఏ కట్టడి నైతికంగా నిలుస్తుంది, ఏది నిలవదు అన్నదే ఇక్కడ ప్రశ్న.

వేట విరామాన్ని కొంచెం నిదానంగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పిల్ల చేపలు ఎదిగితే తనకే లాభమని తెలిసిన మత్స్యకారుడు ఒక్కడే ఒడ్డున ఆగిపోయాడనుకుందాం. పక్క ఊరి పడవలు వెళ్లి ఆ చేపలనే పట్టుకొస్తాయి కనుక అతనికి రెండు నెలల కూలి పోవడం తప్ప మిగిలేదేమీ ఉండదు. అందరూ ఆగితేనే అతని ఆగడానికి అర్థం. అందరూ ఆగాలంటే ఆపే నియమం ఒకటి ఉండాలి. అంటే ఈ కట్టడి అతని కోరికకు అడ్డం వస్తున్నట్టు కనిపిస్తూనే, అతను ఒంటరిగా ఎన్నటికీ సాధించలేని తన కోరికనే తీరుస్తోంది. కట్టడులన్నింటిలో గట్టి పునాది ఉన్నది ఈ రకానికే అని నా అభిప్రాయం. మిగతా రకాలకు ఇంత సులువుగా మార్కులు పడవు.

ఈ చర్చలో తప్పకుండా వినిపించే పేరు ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. ఒక మనిషిని అతని ఇష్టానికి విరుద్ధంగా అదుపు చేయడానికి సమాజానికి ఉన్న ఏకైక న్యాయమైన కారణం ఇతరులకు హాని జరగకుండా చూడడమేననీ, 'నీ మంచికే' అన్నది ఆ కారణాల్లోకి రాదనీ ఆయన 1859లో వాదించాడు. మంచికే అయితే నచ్చజెప్పవచ్చు, బతిమాలవచ్చు, వాదించవచ్చు, బలవంతం మాత్రం చేయకూడదు. వినడానికి ఇది చక్కగా ఉంటుంది. అయితే ఈ సూత్రం చిన్నపిల్లలకు వర్తించదని చెప్పిన వాక్యాల పక్కనే, 'వెనకబడిన' సమాజాలకూ వర్తించదని ఆయనే రాశాడు. 1823 నుంచి 1858 దాకా లండన్‌లో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన మనిషి కనుక ఆ మాటలో ఎవరి ప్రస్తావన ఉందో ఊహించడం కష్టం కాదు. సూత్రం గొప్పదే, కానీ అది ఎవరికి వర్తిస్తుందో తేల్చే అధికారం పాలకుడి దగ్గరే ఉండిపోయింది. ఈ సంగతిని ఏజెన్సీ భూముల దగ్గర మళ్లీ గుర్తుచేసుకోవలసి వస్తుంది.

మిల్ గీసిన గీత, తనకు సంబంధించినదొకటి, ఇతరులకు సంబంధించినదొకటి అన్న గీత, ఇంటి గడప దగ్గరే తడబడుతుంది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' విజయనగరంలో మొదట ప్రదర్శితమైన 1892 నాటికి, ఆడపిల్లను డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెట్టడం తండ్రి సొంత వ్యవహారంగానే చెల్లుబాటైంది. మహారాజు ఆనంద గజపతి తయారు చేయించిన జాబితా ప్రకారం విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు నమోదయ్యాయనీ, వాటిలో 99 మంది పిల్లలకు పెళ్లినాటికి ఐదేళ్లే అనీ గురజాడ తన నాటకం తొలి ముద్రణ పీఠికలో రాశాడు. అంతకుముందు 1891లో, భర్తే అయినా పదేళ్లకు బదులు పన్నెండేళ్లు నిండని బాలికతో సంసారం నేరమని చట్టం వచ్చినప్పుడు, ఇది మా ఇళ్లలోకి చొరబడడమేనని దేశంలో పెద్ద గొడవ జరిగింది. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును 14గా నిర్ణయించింది, 1978లో అది 18 అయింది. 'మా ఇంటి విషయం' అన్న మాటలో 'మా' అన్నదానిలోకి ఆ పిల్ల వస్తుందా రాదా అని అడిగితే చాలు, ఆ స్వేచ్ఛ అంతా తండ్రిదేననీ, హాని అంతా కూతురిదేననీ తెలిసిపోతుంది. కుటుంబ స్వేచ్ఛ పేరుతో వచ్చే అభ్యంతరాలను చదివేటప్పుడు నేను ముందుగా చూసేది ఇదే: మాట్లాడుతున్నది ఎవరు, మాట్లాడని వారెవరు.

ఇక 'నీ మంచికే' అన్న రకానికి వద్దాం. హెల్మెట్ నియమం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం ద్విచక్రవాహనం మీద తలకు రక్షణ తప్పనిసరి; తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. నా తల నా ఇష్టం అనేవారికి సాధారణంగా ఇచ్చే జవాబు, నీ తల పగిలితే వైద్యం ఖర్చు ప్రజలది, దిక్కులేనిదయ్యేది నీ కుటుంబం అన్నది. ఈ జవాబు సగమే సరైనది. వైద్యం ఖర్చు వాదాన్ని పూర్తిగా ఒప్పుకుంటే రక్తపోటు ఉన్నవారికి ఆవకాయ అమ్మకూడదనే దాకా పోవచ్చు, మన వైపు జనం దానికి ఒప్పుకునే అవకాశం ఎంతో చెప్పనక్కరలేదు. హెల్మెట్ నియమం నిలవడానికి అసలు కారణం వేరు: అది తీసుకునేది అతి తక్కువ, కాపాడేది దాదాపు అంతా. హెల్మెట్ లేకుండా బండి నడపడం కోసమే జీవించే మనిషి ఉండడు. తలపాగా విషయంలో మాత్రం అది ఒకరి విశ్వాసాన్ని తాకుతుంది కాబట్టే చట్టం అక్కడ ఒక అడుగు వెనక్కి వేసింది. భారం ఎంత చిన్నది, అది మనిషి జీవితంలో ఎంత లోతును తాకుతోంది అన్న రెండు కొలతలూ కలిపి చూడకపోతే 'మంచికే' అన్న మాట ఎంత దూరమైనా పోతుంది.

మద్యం విషయంలో ఈ కొలతలు అంత తేలికగా పడవు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో లేచిన మహిళల ఉద్యమం తర్వాత 1993లో సారా మీద, 1995 జనవరిలో మద్యం మొత్తం మీద నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. అటు ఒడిశా సరిహద్దు ఉన్న ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వారికి నిషేధమంటే ఏమవుతుందో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు: సరుకు ఆగదు, దారి మారుతుంది, నాటుసారా బట్టీ కొండ మీదికి జరుగుతుంది. మద్యనిషేధాన్ని మిల్ గట్టిగా వ్యతిరేకించాడు, అయితే తాగి ఒకసారి దౌర్జన్యం చేసి శిక్షపడిన మనిషిని మాత్రం మళ్లీ తాగకుండా ప్రత్యేకంగా కట్టడి చేయవచ్చన్నాడు. దూబగుంట మహిళలు అడిగినదాన్ని ఈ వెలుగులో చదివితే, వారి కోపం తాగే మనిషి ఆరోగ్యం గురించి కాదనీ, ఇంటికి చేరని కూలి డబ్బు గురించీ, చేరిన దెబ్బల గురించీ అనీ అర్థమవుతుంది. అది ఇతరులకు జరిగిన హాని, నూటికి నూరుపాళ్లు. కానీ ఆ హానికి మందు ఊరంతటికీ ఒకే నిషేధమా, లేక ఊళ్లో బెల్టు షాపు ఉండకూడదనే నియమమూ, కొట్టిన వాడిమీద కేసూ, కూలి భార్య చేతికి అందే ఏర్పాటూనా అన్నది వేరే ప్రశ్న. లక్ష్యం న్యాయమైనదైనంత మాత్రాన పద్ధతి న్యాయమైపోదు. రెండో దారి ఉన్నప్పుడు మొదటిదాన్ని ఎంచుకోవడానికి నాకైతే కారణం కనబడదు.

తుఫాను సమయంలో ఖాళీ చేయించడం మరో రకం. కూలిపోబోతున్న వంతెన మీదికి తెలియక అడుగు వేస్తున్న మనిషిని చెప్పే వ్యవధి లేకపోతే పట్టి ఆపవచ్చనీ, ఎందుకంటే నదిలో పడడం అతని కోరిక కాదనీ మిల్ ఒక ఉదాహరణ ఇచ్చాడు. ప్రమాదం కచ్చితం కాక, ఉండవచ్చన్నంత వరకే అయితే హెచ్చరించి వదిలేయాలన్నాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అటువంటి రాత్రి ముందు ఇల్లు విడిచి రానని కూర్చునే ముసలాయన వంతెన దగ్గరి మనిషి కాడు. గాలి సంగతి ఆయనకు అధికారి కంటే బాగా తెలుసు. కొట్టంలో ఆవు ఉంది, పెట్టెలో పట్టా కాగితాలు ఉన్నాయి, షెల్టరులో ఎక్కడ పడుకోవాలో తెలియదు. పిల్లలను ఆయన నిర్ణయానికి వదిలేయడానికి వీల్లేదు, రాత్రి ఆయనను వెతుక్కుంటూ ప్రాణాలకు తెగించి రావలసిన వారి లెక్కా ఉంది. అయినా బలవంతం చేయడానికి ముందు ఆవును కూడా తీసుకెళ్లే ఏర్పాటు చేశారా అన్నది చూడాలి. చాలా సందర్భాల్లో మొండితనంగా కనిపించేది మనం అడగని ఒక కారణం.

అన్నింటికంటే చిక్కు ముడి మన్యంలో ఉంది. అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలిచే 1/70 నియమం ప్రకారం, షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప మరొకరికి బదలాయిస్తే ఆ బదలాయింపు చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. దీని మూలం పాతది: గంజాం, విశాఖపట్నం ఏజెన్సీల కోసం 1917లోనే ఒక చట్టం చేశారు, 1959లో కొత్త నియమావళి వచ్చింది, 1970లో దాన్ని బిగించారు. ఆ బిగింపుకు ముందు ఏం జరిగిందో మన జిల్లాల చరిత్రే చెబుతుంది. ఉప్పుకూ బట్టకూ పెట్టిన అప్పు వడ్డీతో పెరిగి కొండవాలు పొలం షావుకారు పేరు మీదికి మారిపోవడం, 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోవడం, ఆ తర్వాత శ్రీకాకుళం సాయుధ పోరాటం రగలడం. నియమం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో తీర్పునిచ్చింది.

నైతికంగా చూస్తే మాత్రం అభ్యంతరం బలమైనదే. సీతంపేట వైపు డిగ్రీ చదివిన ఒక గిరిజన యువతి తన వాటా ఎకరం అమ్మి పార్వతీపురంలో దుకాణం పెట్టుకోవాలనుకుంటే, కొనేవారి సంఖ్య చట్టం వల్ల తగ్గిపోయి ధర పడిపోతుంది. మైదానంలోని రైతుబిడ్డకు ఉన్న స్వేచ్ఛ ఈమెకు లేదు. మీకు మీ మేలు తెలియదు కనుక మేము కాపలా కాస్తున్నామని రాజ్యం ఆమెతో అంటున్నట్టే కదా, మిల్ మనందరినీ 'వెనకబడిన' వారి పట్టికలో వేసినట్టే కదా అని ఎవరైనా అడిగితే తేలికగా తోసిపుచ్చలేం.

అయినా ఈ నియమం తెలివితేటల గురించి మాట్లాడడం లేదని నాకనిపిస్తుంది. అది బేరం గురించి మాట్లాడుతోంది. తక్కువ కూలికి పనిచేస్తానని కూలీ తానే ఒప్పుకున్నా ఆ ఒప్పందం చెల్లదని 1948 నాటి కనీస వేతనాల చట్టం చెప్పింది. 1976లో వెట్టి చాకిరి రద్దు చట్టం వచ్చాక, అప్పు తీరేదాకా కంబారిగా, అంటే పాలేరుగా, ఉంటానని మనిషి తన ఇష్టంతో వేలిముద్ర వేసినా దానికి విలువ లేదు. వీటిని చూసి ఎవరూ కూలీని చిన్నపిల్లాడిగా చూస్తున్నారని అనరు, ఎందుకంటే ఆకలి ఒక పక్కన కూర్చున్న బేరంలో 'సరే' అన్న మాట ఎంత స్వేచ్ఛగా వస్తుందో అందరికీ తెలుసు. తనను తాను బానిసగా అమ్ముకునే స్వేచ్ఛ స్వేచ్ఛ కాదని మిల్ కూడా ఒప్పుకున్నాడు. పైగా ఇక్కడ సముద్రం లెక్కే మళ్లీ వస్తుంది: ఒక కుటుంబం అమ్మిన ఎకరంలో బయటి మనిషి దుకాణమూ అప్పుల పుస్తకమూ తెరుచుకుంటే, అమ్మని పక్క కుటుంబాల బేరం బలం కూడా తగ్గిపోతుంది. అందువల్ల 1/70 న్యాయమైన కట్టడేనని నేను అనుకుంటాను, కానీ రెండు షరతులతో. కొనే గిరిజనులు దొరకనప్పుడు ప్రభుత్వమే పరిహారం ఇచ్చి భూమి తీసుకోవచ్చని ఆ నియమావళిలోనే ఉంది. ఆ నిబంధన కాగితం మీద నిద్రపోతే, ఆ యువతి స్వేచ్ఛను తీసుకుని బదులు ఏమీ ఇవ్వనట్టే. రెండోది, ఈ కట్టడి ఎంతకాలం ఉండాలి, ఎలా మారాలి అన్నది మాట్లాడవలసిన వారు కొండ దిగువన కూర్చుని భూమి ధరలు లెక్కపెట్టేవారు కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టం గ్రామసభకు గొంతు ఇచ్చింది, ఆ గొంతు వినడం మొదలుపెట్టాలి.

ప్రభుత్వం రాసిన కట్టడుల గురించే ఇంతసేపూ చెప్పాను. ఊరు రాయకుండా అమలు చేసేవి ఎన్నో. ఆడపిల్ల చేతిలో ఫోను, చీకటి పడ్డాక ప్రయాణం, వేరే కులంలో పెళ్లి, పెద్దల మాట కాదన్న ఇంటికి వెలి, కట్టవలసిన తప్పు డబ్బులు. లోకాభిప్రాయం చేసే దౌర్జన్యం నుంచి తప్పించుకునే సందులు చట్టం దౌర్జన్యంలో కంటే తక్కువ ఉంటాయని మిల్ హెచ్చరించింది ఇందుకే: చట్టాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు, రచ్చబండను ప్రశ్నించడానికి ఏ కోర్టుకు పోతాం? పెళ్లీడు వచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకున్న పెళ్లిలో కులపెద్దల సభలు జోక్యం చేసుకోవడం పూర్తిగా చట్టవిరుద్ధమని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇటువంటి కట్టుబాట్ల వెనక ఇతరులకు జరిగే హాని అంటూ చూపించేది పరువు. పరువు పోవడం నిజమైన బాధే కావచ్చు, కానీ అది ఇంకొకరి జీవితం గురించి నాకున్న అభిప్రాయం నుంచి పుట్టిన బాధ. దాన్ని హాని కింద లెక్కగడితే ఎవరి జీవితమూ వారిది కాకుండా పోతుంది.

నచ్చకపోవడానికీ హానికీ తేడా లౌడ్‌స్పీకర్ దగ్గర చక్కగా కనబడుతుంది. పక్కింటి భజన నాకు నచ్చకపోవడం హాని కాదు. రాత్రి పదకొండింటికి మైకు పెట్టి ఆ భజనను రోగి మంచం దాకా తేవడం హాని. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులను నిషేధించాయి, నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదన్నాయి, పండుగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు అనుమతించే వీలు ఉంచాయి. భక్తిని ముట్టుకోకుండా చప్పుడును మాత్రమే పట్టుకున్న నియమం ఇది. పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరం ఎవరూ నిద్రపోవాలని అడగదు, అది వేరే సంగతి.

ఈ తరహా జాగ్రత్తనే సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న గోప్యత హక్కు తీర్పులో మరో భాషలో చెప్పింది: కట్టడికి చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి తగినంతే ఉండాలి. ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా కోర్టుకెక్కే హక్కు లేదన్న 1976 నాటి తీర్పును తొమ్మిది మంది న్యాయమూర్తుల ఆ ధర్మాసనం కొట్టివేయడం యాదృచ్ఛికం కాదు. అయితే ఈ కొలమానంలో నాకు ఒక లోటు కనిపిస్తుంది. కట్టడి ఎంత అని అది అడుగుతుంది. ఆ కట్టడి బరువు ఎవరి నెత్తిన పడుతోందని అంత గట్టిగా అడగదు. 2020 మార్చి 24 రాత్రి ప్రకటించిన 21 రోజుల లాక్‌డౌన్ ఉద్దేశం ప్రాణాలు కాపాడడం, అందులో సందేహం లేదు. కానీ ఇంట్లోనే ఉండమన్న మాట ఇల్లు ఉన్నవాడికి ఒక అర్థం, గుజరాత్‌లోని వెరావల్‌లో పడవల మీదే చిక్కుకుపోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులకు ఇంకో అర్థం. నెల దాటాక బస్సుల్లో వారిని తీసుకువచ్చారు. భూసేకరణలోనూ ఇదే. ఆస్తి హక్కు 1978లో ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగింది, ప్రజాప్రయోజనం కోసం భూమి తీసుకోవచ్చు. ప్రైవేటు ప్రాజెక్టుకైతే 80 శాతం మంది అంగీకారం కావాలని 2013 చట్టం చెబుతుంది, ప్రభుత్వం తన సొంత ప్రాజెక్టుకు తీసుకుంటే ఆ అంగీకారమే అక్కరలేదు. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్తు కేంద్రం కోసం 2010 జూలై 14న కాల్పుల దాకా వెళ్లిన వివాదంలో, ప్రజాప్రయోజనం అన్న మాటలో 'ప్రజ' ఎవరన్నదే తేలని విషయం. వెలుగు ఒక చోటికి, బూడిద మరో చోటికి పోయే ఏర్పాటును త్యాగం అని పిలవడానికి త్యాగం చేసేవారు ముందుగా ఒప్పుకోవాలి.

మళ్లీ ఏప్రిల్ ఒడ్డుకు వస్తే, వేట విరామ కాలానికి ఒక్కో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి ఇప్పుడు 20,000 రూపాయలు. ఆ మొత్తం చాలునా అన్నది వాదించవచ్చు, కానీ ఆపిన చేతే ఎంతో కొంత బరువు మోస్తోందన్నది మాత్రం ఉంది. ఆ జాబితా పడవల లెక్క ప్రకారం, పడవ మీద వేటకు వెళ్లేవారి పేర్లతో తయారవుతుంది. తెల్లవారకముందే ఒడ్డున వేలం పాడి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఆటోలో శ్రీకాకుళం, టెక్కలి వీధుల్లోకి వెళ్లి అమ్ముకొచ్చే ఆడవారిని ఆ 61 రోజుల్లో ఏ చట్టమూ ఆపదు. బుట్టలోకి చేప మాత్రం రాదు.